నాలుగు దేశాల నురగ

కరోనా సద్దుమణిగిన మరుసటి వేసవిలో నన్ను కర్నూలు నుంచి రాజంపేట దగ్గరి ఒక ట్రస్టు ఆసుపత్రికి బదిలీ చేశారు. హోదా పాతదే, లాండ్రీ సూపర్‌వైజరు. ఈ పేరు వింటే మా బంధువులకు బట్టలుతికేవాళ్ల మీద పెత్తనం అనే తోస్తుంది. పెళ్లిలో ఎవరి పట్టుచీర మీదైనా పప్పుచారు ఒలికితే పంక్తిలో కూర్చున్నవాణ్ణి నన్ను లేపి తీసుకుపోతారు.

ఆసుపత్రి లాండ్రీ అంత తేలిక వ్యవహారం కాదు. రక్తం అంటిన గుడ్డ ముందు చన్నీళ్లలో పడాలి. వేడినీళ్లలో పడిందా, ఆ మరక ఇక జన్మలో పోదు. థియేటరు గౌన్లు ఒక లోడు, వార్డు దుప్పట్లు ఇంకో లోడు. ఏ లోడుకు ఎంత వేడి, ఎంత పొడి, ఎన్ని జాడింపులు అన్నది నిర్ణయించి, చార్టు రాసి గోడకు అంటించడం సూపర్‌వైజరు పని. చార్టు తప్పినవాళ్లకు మెమో ఇవ్వడం కూడా నా పనే. ఈ రెండో పనంటే నాకు కొంచెం మోజు ఎక్కువని సిబ్బంది చాటుగా అనుకునేవారు. అది అబద్ధమేమీ కాదు.

అక్కడి బోరు నీళ్లు వట్టి ఉప్పునీళ్లు. ఆ నీళ్లలో కందిపప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, బకెట్లకు తెల్లగా గార కడుతుంది. నీళ్లలోని సున్నమే సగం పొడిని తినేస్తుంది కాబట్టి మిగతా ఊళ్లలో వేసేదానికి రెట్టింపు వేయాలి. చేరిన వారంలోనే ఆ లెక్క కట్టి లోడుకు రెండు మగ్గులని చార్టులో రాసి సంతకం పెట్టాను.

నాలుగు నెలల తర్వాత కొత్త యంత్రం వచ్చింది. ముందువైపు గుండ్రటి గాజు తలుపున్న పెద్ద యంత్రం అది. దాన్ని నడిపే పని ఓబులమ్మకు అప్పగించాను. నలభై అయిదేళ్ల మనిషి, కాంట్రాక్టు ఉద్యోగి. ఎనిమిదేళ్లు కువైట్‌లో ఇళ్లలో పనిచేసి వచ్చింది. అక్కడ ఇలాంటి యంత్రాలే వాడిందట. ఏడాదికోసారి ఆమె కాంట్రాక్టు పొడిగించేది నా రిపోర్టు చూసే. "ఈ పని పోతే మళ్లా కువైటే సార్ నాకు దిక్కు. మోకాళ్లు చూస్తే ఇట్లుండాయి" అని ఒకసారి అన్నది.

మొదటి వారం బాగానే గడిచింది. రెండో వారంలో ఒక సోమవారం ఉదయం గాజు తలుపు తెల్లగా మూసుకుపోయింది. పొడి వేసే అరలోంచి నురగ పొంగి, నేల మీద పాకి, గడప దాటి వరండాలోకి వచ్చింది. ఓపీకి వచ్చిన జనం టోకెన్లు వదిలేసి దాన్ని చూడ్డానికి చేరారు. మరునాడూ అంతే, ఆ మరునాడూ అంతే.

నురగ ఎక్కువైతే బాగా ఉతికినట్టే కదా అని అడిగేవాళ్లు చాలామంది. చేత్తో ఉతికే అలవాటున్న మనకు నురగంటే నమ్మకం మరి. ఈ యంత్రం పద్ధతి వేరు. డ్రమ్ము గుడ్డలను పైకెత్తి కింద పడేస్తుంది, ఆ దెబ్బకు మురికి వదులుతుంది. నురగ నిండితే గుడ్డలు పరుపు మీద పడ్డట్టు మెత్తగా పడతాయి, మురికి కదలదు. పైగా ఎన్నిసార్లు జాడించినా పొడి గుడ్డలోనే ఉండిపోతుంది. వార్డులో రోగులు గోక్కోవడం మొదలుపెట్టారు. ఒక్కో లోడు మూడుసార్లు ఉతకాల్సి రావడంతో థియేటరుకు గౌన్లు చాలక రెండు రోజులు ఆపరేషన్లు వాయిదా పడ్డాయి. పరిపాలనాధికారి సరళ మేడమ్ నన్ను పిలిచి, వారంలోగా కారణమేమిటో, బాధ్యులెవరో రాసివ్వమన్నారు.

నాకు ముందు మన పొడి మీదే అనుమానం కలిగింది. యంత్రంతోపాటు నమూనాకు జర్మనీ పొడి పొట్లం వచ్చింది. శిక్షణకు వెళ్లొచ్చిన ఒక డాక్టరుగారి దగ్గర జపాన్ ద్రవం దొరికింది. ఓబులమ్మ తన ఇంట్లో మిగిలిన కువైట్ డబ్బా తానే తెచ్చిచ్చింది. మన పొడి గోనెసంచిలో ఎలాగూ ఉంది. పాత గాజు సెలైన్ సీసాలు నాలుగు తెచ్చి, నా గదిలో కుళాయి నీళ్లు సమానంగా పోసి, ఫార్మసీ త్రాసులో తూచి వేశాను. ఒక్కో సీసాను ఇరవైసార్లు కుదిపి, అయిదు నిమిషాలు ఆగి, నురగ ఎత్తు కొలవడం పరీక్ష.

ఆ మధ్యాహ్నం నేను ఎంత సంతోషంగా గడిపానో చెప్తే నవ్వుతారు. జర్మనీ పొడి ఇసుకలా బరువు, వాసన లేదు, నురగా లేదు. అంత ముభావమైన పొడిని నేనెక్కడా చూడలేదు. జపాన్ ద్రవం అంచున సన్నటి గీతలా నిలిచింది. కువైట్ డబ్బా మూత తీస్తే అత్తరు కొట్టు తెరిచినట్టు గదంతా గుప్పుమంది గాని నురగ అర వేలే. అరబ్బుదేశాల్లో ముందు తలుపు యంత్రానికి ఒక రంగు డబ్బా, పైన మూత ఉండే యంత్రానికి ఇంకో రంగు డబ్బా అమ్ముతారని ఓబులమ్మ చెప్తే అదీ రాసుకున్నాను. మన నిమ్మకాయ వాసన పొడి ఒక వేలెత్తు లేచింది. నాలుగింటిలో ఎక్కువే అయినా వరండాలోకి నడిచొచ్చేంత కాదు.

అయిదు గడుల పట్టిక గీసి కింద తీర్పు రాశాను. పొడిలో దోషం లేదు, యంత్రంలో దోషం లేదని కంపెనీవాళ్లు చెప్పారు, కనుక పొడి వేసే చేతిలోనే దోషం. చార్టుకు మించి పొడి వాడినందుకు కాంట్రాక్టు ఎందుకు రద్దు చేయకూడదో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని ఓబులమ్మకు మెమో పంపాను. ఇలాంటి యంత్రానికి ఎంత పొడి వేయాలో ఆమెకు ముందే తెలుసనడానికి, ఆమె తెచ్చిచ్చిన డబ్బానే ఆమె మీద సాక్ష్యంగా చూపించాను. అప్పుడు నాకు అందులో తప్పేమీ కనిపించలేదు.

ఓబులమ్మకు సంతకం వచ్చు, చదవడం రాదు. ప్లంబింగ్ చూసే ఖాదర్ బాషాతో మెమో చదివించుకుని, అతన్నీ వెంటబెట్టుకుని నా గదికి వచ్చింది. ఏడవలేదు, కోపంగా ఉంది.

"రెండు మగ్గులు ఏయమని గోడ మీద రాసినారు. రెండే ఏస్తాండా. ఒక పలుకు ఎక్కువ లేదు, తక్కువ లేదు" అన్నది.

అయితే నురగ ఆకాశం నుంచి పడిందా అని అడిగాను.

"నీళ్లు మారినాయి సార్. చెయ్యి పెడితే జారతాండాది. కువైట్ నీళ్లు ఇట్లే ఉంటాయి. ఆడికి పోయిన మొదటి దినం మన ఊరి చెయ్యితోనే ఏసినా. వంటిల్లంతా నురగే. శానా తిట్లు తిన్యా. అప్పట్నించి పావు వంతే ఏసేదాన్ని."

నీళ్లు మారితే నా సీసాల్లో ఎందుకు పొంగలేదని పట్టిక చూపించాను. ఖాదర్ నా కుళాయి వంక చూశాడు.

"ఈ రూముకు పాత బోరు లైనే సార్. సున్నం తీసే సాఫ్ట్‌నర్ పోయిన సోమవారం నుంచి నడుస్తాండాది కదా, ఆ పైపు బాయిలర్‌కూ లాండ్రీకీ తప్ప యాడికీ పోదు. పని అయినట్టు కాయితం మీద మీ సంతకమే ఉండాది."

సంతకం పెట్టిన మాట నిజమే. బాయిలర్‌కు గార పట్టకుండా ఏదో పెడుతున్నారనుకుని చదవకుండానే పెట్టాను. సీసాలు బుట్టలో పెట్టుకుని లాండ్రీకి నడిచాను. అక్కడి కుళాయి నీళ్లు పట్టి, అదే తూకం పొడి వేసి కుదిపితే మన పొడి సీసా మెడ దాకా వచ్చి బిరడాను తన్నింది. కువైట్, జపాన్ సీసాలు సగం దాకా లేచాయి. అంత ముభావమైన జర్మనీ పొడి కూడా రెండు వేళ్లు పొంగింది. ఖాదర్ నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్లిపోయాడు. ఓబులమ్మ మాత్రం నవ్వలేదు. మెమో ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

ఆ తర్వాత పని ఆమె చెప్పినట్టే జరిగింది. గుడ్డలు లేకుండా యంత్రాన్ని చన్నీళ్లతో తిప్పి, బట్టలు మెత్తబడటానికి వాడే ద్రవం ఒక మూతెడు వేస్తే లోపల పేరుకున్న నురగ చప్పున అణిగిపోయింది. లోడుకు అర మగ్గు చాలని తేలింది. ఏ దేశపు పొడీ కొనాల్సిన అవసరం రాలేదు. మూడో రోజుకు థియేటరు గౌన్లు సరిపోయాయి, వార్డులో గోకుళ్లు తగ్గాయి.

మా ట్రస్టు నిబంధనల్లో మెమో ఉపసంహరించాలంటే ఇచ్చినవాడే కారణం రాయాలి. "నీటి మార్పు" అని రాసి తీసుకెళితే సరళ మేడమ్ కాగితం వెనక్కి తోసి, నీళ్లకు మెమో ఇవ్వలేదు కదా, ఇంకోసారి రాసుకురండి అన్నారు. ఓబులమ్మ చార్టు ప్రకారమే పనిచేసిందనీ, నీళ్లు మారినప్పుడు చార్టు మార్చకపోవడం సూపర్‌వైజరు పొరపాటనీ రెండోసారి రాశాను. సిగ్గు వేసింది, కాదనను. ఆమె కాంట్రాక్టు మరో ఏడాదికి పొడిగించారు.

ఉత్తర్వు ఇస్తూ ఆమెను అడిగాను, ఇంత తెలిసినదానివి ముందే ఎందుకు చెప్పలేదమ్మా అని.

"చెప్పినా సార్. నీళ్లు మారిన దినమే మీ రూముకొచ్చి చెప్పినా. చార్టు చూసుకో పో అంటిరి" అన్నది, ఉత్తర్వు మడుచుకుంటూ.

నేను ఎంత తడుముకున్నా ఆ సంగతి గుర్తుకు రాలేదు. ఏ దేశం నురగ ఏ కుళాయి కింద ఎన్ని వేళ్లు లేచిందో ఈ రోజుకీ చూడకుండా చెప్పగలను. ఆమె నా గదికి వచ్చి ఆ మాట చెప్పిన రోజు మాత్రం నా దగ్గర లేదు. ఉద్యోగంలో మిగిలిన రెండేళ్లూ ఎవరికైనా మెమో రాసే ముందు, ఇదివరకు నువ్వు నాతో ఏమైనా చెప్పావా అని ఆ మనిషినే పిలిచి అడిగేవాణ్ణి. చాలా మెమోలు అక్కడే ఆగిపోయాయి.