కూతురింటి సజ్జరొట్టె

జోధ్‌పూర్ ఎండల్లో ఒక మనిషి ఏడాది పాటు చుక్క నీళ్ళు ముట్టకుండా బతికాడు. నమ్మరా? సరే, కొంచెం తగ్గిస్తాను. కూతురింట్లో ముట్టలేదు. వీధి చివరి ధర్మశాలలో మాత్రం కుండలకొద్దీ తాగేవాడు.

ఆయన పేరు హమీర్‌సింగ్ సోఢా. ఊరు దేశ సరిహద్దుకు అవతల, ఉమర్‌కోట్ పక్కన పల్లె. అక్కడి సోఢాలందరిదీ ఒకే వంశం, అన్నాచెల్లెళ్ళ వరస. పిల్లనివ్వాలన్నా తెచ్చుకోవాలన్నా ఇవతలికే చూడాలి. అలా వీసా మీద వచ్చి కూతురు సూరజ్ పెళ్ళి జోధ్‌పూర్‌లో చేశాడు. పందిరి విప్పకముందే టైఫాయిడ్ పట్టుకుంది. లేచి కూర్చునేసరికి పాస్‌పోర్టు గడువు కాస్తా తీరిపోయింది.

కొత్తది ఇచ్చేది ఢిల్లీలో ఉన్న ఆయన దేశపు రాయబార కచేరీలో. వీసా ఉన్నది జోధ్‌పూర్‌కే. ఊరు దాటాలంటే అనుమతి కావాలి. అనుమతి రావాలంటే, రాయించిన చిరునామాలో ఈయన ఉంటున్నాడని పోలీసు వచ్చి చూసి చెప్పాలి. రాయించింది కూతురి ఇల్లే. ఆ ఊళ్ళో ఇంకెవరున్నారు గనక?

అవతల భార్య ఉగమ్ మంచం పట్టింది. ఫోనులో ఆమె గొంతు రోజురోజుకూ సన్నబడుతోంది.

"వస్తున్నారా?"

"ఇదిగో, బయల్దేరుతున్నా."

"పోయిన హోళీకీ ఇదే మాట. కుంటి ఒంటె మీద వస్తున్నారా ఏంటి?" అని నవ్వబోయి దగ్గేది.

ఒక మధ్యాహ్నం పోలీసు రానే వచ్చాడు. హమీర్‌సింగ్ ఇక్కడే ఉంటాడా అని అడిగితే, మేలిముసుగు వెనక సూరజ్ మొహం గర్వంతో వెలిగిపోయింది.

"మా బాపూ సంగతి ఏమనుకున్నారు? పిల్లనిచ్చిన ఇంట్లో పచ్చి మంచినీళ్ళు ముట్టరు. తిండీ పడకా అన్నీ ధర్మశాలలోనే!"

'ఇక్కడ నివాసం లేదు' అని రాసుకుని పోలీసు వెళ్ళిపోయాడు.

హమీర్‌సింగ్ పరుగున కచేరీకి వెళ్ళాడు. అధికారి తల పట్టుకున్నాడు.

"పెద్దాయనా, ఆ ఇంట్లో ఉంటున్నట్టా, లేనట్టా?"

"పొద్దంతా అక్కడే ఉంటాను సాబ్. తినను."

"దాన్ని ఉండటం అనరు, ఉపవాసం అంటారు."

"మీకు ఆడపిల్లలు లేరా సాబ్?"

"ముగ్గురు. ముగ్గురిళ్ళలోనూ శుభ్రంగా మెక్కి వస్తాను. రేపు మావాడు మళ్ళీ వస్తాడు. భోజనం వేళకి కంచం ముందు కనిపించండి. పొద్దు గుంకాక ఆ ఇంట్లోనే పడుకోండి. ఇంతకన్నా నేను చేయగలిగింది లేదు."

మర్నాడు సూరజ్ రొట్టెలు కాల్చింది గానీ పళ్ళెం పట్టుకుని వంటింటి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"నేను పెట్టను బాపూ. రేప్పొద్దున మా అత్త 'మీ నాన్న మా ఉప్పు తిన్నాడు' అంటే తల ఎక్కడ పెట్టుకోను?"

"మీ అమ్మ కోసం పెట్టు తల్లీ."

వియ్యంకుడు పెద్దమనిషి. ఏమీ చూడనట్టు గోడవైపు తిరిగి కూర్చున్నాడు. హమీర్‌సింగ్ సజ్జరొట్టె తుంచి మజ్జిగపులుసులో అద్దుకున్నాడు. నమిలిన కొద్దీ నోట్లో ఇసుక పెరిగినట్టయింది. మింగి, మంచినీళ్ళు కూడా అడిగి తాగాడు. పోలీసు గుమ్మంలోంచి చూసి తలూపాడు. సూరజ్ లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

అనుమతి వచ్చింది. కాగితం జేబులో పెట్టుకుని, సంచీ భుజాన వేసుకుని స్టేషన్‌కు బయల్దేరుతుంటే ఫోను మోగింది. అవతల ఉగమ్ కాదు, హమీర్‌సింగ్ తమ్ముడు. ముందు ఏడ్చాడు, తర్వాత చెప్పాడు.

"వదిన పోయింది అన్నా. ఈ ఎండకి నువ్వొచ్చేదాకా ఆపలేకపోయాం. నిప్పు నేనే పెట్టాను."

హమీర్‌సింగ్ సంచీ దించాడు. ఢిల్లీకి వెళ్ళలేదు. ఆ అనుమతి గడువు కూడా అలాగే తీరిపోయింది.

ఇప్పటికీ ఆ ధర్మశాల వరండాలోనే ఉన్నాడు. ఈ సంగతి ఎవరైనా కదిపితే కళ్ళెర్ర చేస్తాడు.

"ఎవరు చెప్పారీ కోతలు? నేను ఎవరింట్లోనూ తినలేదు. ఏ పోలీసూ రాలేదు. మా ఇంటావిడ నిక్షేపంగా ఉంది. నా పాస్‌పోర్టుకి ఇంకా బోలెడు గడువుంది."