నీలకంఠం మాస్టారి కనబడని చుట్టం

లేనివాళ్ళకు మర్యాద చేయడంలో నీలకంఠం మాస్టారిని మించినవాడు వన్ టౌన్‌లో లేడు. ఆటో ఎక్కితే పక్కన జాగా వదులుతాడు. "జరుగు బావా, ఈయన నలిగిపోతన్నారు," అంటాడు. అక్కడెవరూ ఉండరు. ఆ బావ మాత్రం ఎందుకైనా మంచిదని జరుగుతాడు.

పిల్లలకు నటన నేర్పడానికి సినిమావాళ్ళు ఆయన్నే పెట్టుకున్నారు. వేరే నక్షత్రం నుంచి వచ్చినవాడొకడు ఓడరేవు గోదాములో దాక్కుంటాడు. పిల్లలకే కనబడతాడు. వాళ్ళు పెద్దవుతున్నకొద్దీ మసకబారిపోతాడు. అదీ ఆ సినిమా కథ. వాణ్ణి తర్వాత కంప్యూటర్‌లో గీస్తారట. అంతవరకూ పద్నాలుగేళ్ళ ఉజ్మా ఉత్త గాలితో మాట్లాడాలి.

వీడ్కోలు సీను పొద్దుటి నుంచి పదిహేడుసార్లు చెడింది. ఉజ్మా నోరు తెరవగానే, తమ్ముడి వేషం వేస్తున్న ఇమ్రాన్ కిసుక్కుమంటాడు.

"గోడకి పాఠం సెప్తన్నావేటి?"

అందరూ నవ్వుతారు. ఉజ్మాకు చెవులు కాలిపోతాయి. డైరెక్టర్ ధనలక్ష్మి గడియారం చూసింది. "ఇదే ఆఖరు ఉజ్మా. కుదరకపోతే రేపు ఈ వేషం ఇంకో అమ్మాయిది."

బయట మబ్బు కమ్మింది. ఎక్కడో ఓడ మూలిగింది. ఉన్నట్టుండి నీలకంఠం చీకటి మూలకు పరిగెత్తి కెమెరామన్ రెక్క పట్టి లాగాడు.

"ఓర్నాయనో, ఆయన కాలు తొక్కేత్తన్నావ్! తప్పయిపోనాది బాబూ, ఈడు సూసుకోలేదు."

వంగి, గాల్లో ఎవరిదో పాదం నిమిరాడు. ఊదాడు కూడా. కెమెరా తిరగడం మొదలైనా ఆ మూల పక్కనే గొంతుక్కూర్చుని ఊదుతూనే ఉన్నాడు. అందరూ నోళ్ళు మూసుకుని, నవ్వాపుకుంటూ ఆయన్నే చూస్తున్నారు.

ఉజ్మాను ఎవరూ చూడడం లేదు. చూస్తున్నది ఆ చీకటి ఒక్కటే.

"నాను పెద్దదాన్నయిపోతన్నాను," అంది ఉజ్మా, మెల్లగా. "రేపట్నుంచి నువ్వు నాకు అగుపడవు."

గోదాము చల్లబడింది. మూలనున్న ధూళి, ఎవరో ఊపిరి వదిలినట్టు కదిలింది. ఇమ్రాన్ ఒక అడుగు వెనక్కి వేశాడు. ధనలక్ష్మి కట్ చెప్పడం మరిచిపోయింది.

వేషం నిలబడింది. బయటికొచ్చాక ఉజ్మా అడిగింది.

"మాస్టారూ, మీకు నిజంగా అగుపడతాడా?"

"నాకేటీ అగుపడదమ్మా. పక్కన ఎర్రోడొకడుంటే జనం ఆడినే సూస్తారు. నిన్నెవరూ సూడరు, నీ బెరుకు పోద్ది."

"మరి ఆటోలో?"

"నలభై ఏళ్ళుగా సిగ్గుపడే పిల్లలొస్తానే ఉన్నారు. అలవాటు తప్పితే ఎలాగమ్మా?"

ఉజ్మా ఆయన భుజం మీదుగా చూసింది.

"నాకు అగుపడ్డాడు మాస్టారూ. ఇప్పుడు మీ ఎనకాలే ఉన్నాడు."

నీలకంఠం బిగుసుకుపోయాడు. వెనక్కి తిరగకుండానే, గుసగుసగా అడిగాడు.

"ఎంతెత్తున్నాడమ్మా?"