బూట్లు వంచి చూసే పెక్

అబైజా పెక్ ఇంటికి ఎవరొచ్చినా ముందు ముఖం చూడడు, కాళ్లు చూస్తాడు. వెర్మాంట్ కొండల్లో మొదటి మంచు పడకముందే కొడుకు, కోడలు, మనవల బూట్లన్నీ పొయ్యి ముందు పెట్టించి, ఒక్కొక్కటీ రెండు చేతులా వంచి చూస్తాడు. కుట్టు కిర్రుమంటే చాలు, ఊడదీసి తనే మళ్లీ కుడతాడు. అతని ఎడమ కాలికి మూడే వేళ్లు. ఇంగ్లండు రాజుతో యుద్ధంలో పటాలానికి వచ్చిన బూట్ల అడుగున తోలు పొరల మధ్య చెక్కపేళ్లు కూరారు. మంచులో నడిచేసరికి అవి విచ్చిపోయాయి. పెక్‌కు వేళ్లు పోయాయి, తమ్ముడు ఆసా ప్రాణమే పోయింది. ఆ బూట్లు అమ్మిన హార్లో అనే వ్యాపారి ఇప్పుడు ఊరికి దొర.

జూలై నాలుగున, స్వాతంత్ర్య పండుగనాడు, ఆ దొరే వేదిక మీద ముసలి సిపాయికి కొత్త బూట్లు బహూకరించాడు. జనం చప్పట్లు కొట్టారు.

"గొడవ పెట్టకు, ముసలాయనా. మన అబ్బాయి దున్నేది ఆయన పొలం," అని పక్కనున్న భార్య మెహిటబెల్ గుసగుసగా చెప్పి భుజం పట్టుకుంది.

పెక్ అలవాటుగా బూటు వంచాడు. కుట్టు కదలలేదు. ఇంకా గట్టిగా వంచాడు. కదలలేదు. అతని మెడ నరాలు ఉబ్బాయి.

"ఎలా ఉన్నాయోయ్ పెక్?" దొర నవ్వాడు.

"భేషుగ్గా ఉన్నాయి. మంచి బూటంటే ఏమిటో నీకు తెలుసన్నమాట. అప్పుడూ తెలుసు. తెలిసే మా కాళ్లకు చెక్కపేళ్లు తొడిగావురా!"

మెహిటబెల్ భర్త భుజం వదిలింది. బూట్లు లాక్కుని దొర కాళ్ల ముందు పడేసింది.

"మీరే తొడుక్కోండి దొరా," అంది. "మా అబ్బాయి ఇంకో పొలం వెతుక్కుంటాడు."