మూకలో మా అత్త పట్టుచీర

ఇది జరిగిన రోజుల్లోనే రాసి ఉంటే ఇంకా వివరంగా వచ్చేది. రాయలేకపోయాను, ఎందుకంటే అప్పట్లో నాకు అక్షరం ముక్క రాదు. పుత్తూరు పోయే బస్సా, తిరుపతి పోయే బస్సా అని పక్కవాళ్లను అడిగి ఎక్కేదాన్ని. యాభై దాటాక మా కోడలు నన్ను పలక ముందు కూర్చోబెట్టింది. (తప్పు రాస్తే నెత్తిన మొట్టలేదు గానీ, మొట్టాలని ఆమెకు అనిపించిన రోజులు నాకు తెలుసు.) ఇప్పుడు కూడబలుక్కుని నవలలు చదువుతాను. వాటిలో నాకు నచ్చనిది ఒక్కటే, మూక. 'జనం ఒక్కసారిగా విరుచుకుపడ్డారు' అని రాసేస్తారు. ఆ జనానికి పేర్లుండవు, పొయ్యి మీద పాలుండవు, పక్కన అత్త ఉండదు. నేను మూకలో ఉండి వచ్చినదాన్ని కాబట్టి చెబుతున్నాను. మొన్న మా ఊర్లో తీసిన ఆ పాత సినిమా టీవీలో వస్తే మా కోడలు చూసి, "అందరూ కోపంగా తరుముతా ఉంటే, ముందర ఆ పట్టుచీర అవ్వ ఒక్కతే ఎందుకత్తా నవ్వతా ఉండాది?" అని అడిగింది. ఆమె మా అత్త. మా కోడలు ఇంటికొచ్చేసరికే పోయింది. చెప్పబోతే, "నోటితో వద్దు, రాయత్తా" అనింది.

అప్పటికి నాకు పెళ్లయి ఏడాది కాలేదు. వడమాలపేట దగ్గర మా ఊరి మామిడితోటలో సినిమా తీయడానికి మద్రాసు నుంచి వచ్చారు. కథలో వానలు పడకపోవడానికి ఒక ఒంటరి ఆడమనిషే కారణమని ఊరంతా కలిసి ఆమెను తరిమేస్తారు. ఆ ఊరంతా అంటే మేమే, అరవైమందిమి. పాత చీరల్లో రమ్మని ముందురోజే చెప్పి పంపారు. సినిమాలో కనబడబోతూ పాత చీర ఎవరు కడతారు? మా అత్త పెట్టె అడుగు నుంచి తన వంకాయరంగు పెళ్లి పట్టుచీర తీసింది. కన్ను మూసేలోగా ఒక్కసారి తెరమీద తనను తాను చూసుకోవాలని ఆమె ఆశ. ఆ మాట నాతో చెప్పలేదు (నాతో మాట్లాడేదే తక్కువ), బర్రెకు గడ్డేస్తూ దానితో చెప్పుకుంటుంటే విన్నాను. డైరెక్టరు టోపీ తీసి తల పట్టుకున్నాడు. "కరువొచ్చిన ఊరమ్మా ఇది! పట్టుచీరలేమిటి?" అని అందరికీ మట్టి పూయించాడు. మా అత్త ఆ పూసేవాడితో, "చీరకు ఎంతన్నా పూయి నాయనా, మొగానికి మాత్రం వద్దు. రేపు కనబడొద్దా?" అనింది.

మా చేతికి స్పాంజి రాళ్లిచ్చారు. తరమాల్సిన నటి పెద్దావిడ, పొద్దున మాతోపాటు కూర్చుని పెరుగన్నం తిన్నది. ఆమె మీద కోపం ఎట్లా వస్తుంది? అందరం నవ్వుతూ పరిగెత్తాం. నాలుగుసార్లు తీసినా అంతే. చివరికి డైరెక్టరు, "మీకు ఎవరి మీద బాగా కోపముందో వాళ్లను తలుచుకోండమ్మా, వాళ్లనే తిట్టండి" అన్నాడు. ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఎదురింటామె "నా కోడిపెట్టను యాడ దాచినావే!" అని దూకింది. నా పక్కనుంచి మా అత్త, "పులుసులో అంత ఉప్పు ఎవరన్నా ఏస్తారా! చెప్తే మొగం ముడుస్తావా!" అని అరిచింది. ఆ ఉప్పు నాదని నాకు అర్థమయ్యేసరికి నా నోట్లోంచి, "నేను ఊడ్సిన వాకిలి మళ్లా నువ్వు ఊడ్సేదెందుకే!" అని వచ్చేసింది. స్పాంజి రాయి అప్పటికే అయిపోయింది. కాలికింద పచ్చి మామిడికాయ తగిలింది. అంతే.

"అమ్మా!" అని నటి నుదురు పట్టుకుని కూలబడింది. డైరెక్టరు "బ్రహ్మాండం!" అని చప్పట్లు కొట్టాడు. ఆమె లేవకపోతే అప్పుడు పరిగెత్తాడు. నుదుటి మీద రేగిపండంత బొప్పి. "ఎవరు కొట్టింది?" అన్నాడు. అంతదాకా ఒక్క గొంతుగా అరిచిన అరవైమందిమి ఒకరి వెనక ఒకరం దాక్కున్నాం. అప్పుడు మా అత్త ముందుకు పోయి, "నేనే సామీ" అనింది. "నువ్వు రేపు రావద్దు" అన్నాడాయన.

ఇంటికి వచ్చి ఆమె చీర దులిపి, మడిచి, పెట్టెలో పెట్టేసింది. "ఎందుకత్తా అట్ల చెప్పినావు?" అన్నాను. "నీ చెయ్యి నేను సూసినాలే. కొత్త కోడలు మనిషిని కొట్టిందంటే ఊర్లో నీకు మర్యాద ఉంటాదా? నన్నయితే కండ్లు కనబడని ముసల్ది అంటారు, పోతాది." పెట్టె మూత వేసి, "నన్ను తలుసుకోనే కదా ఏసినావు?" అనింది. అవునని తలాడించాను. "అంత గట్టిగానా మే?"

మర్నాడు ఇంకా తెల్లవారకముందే తోటకు పోయాను. డైరెక్టరు, నుదుట పట్టీతో నటి టీ తాగుతున్నారు. "ఏసింది నేను సార్. మా అత్తను రానీయండి, నన్ను తీసేయండి" అన్నాను. "ఎవర్ని తలుచుకున్నావమ్మా?" అని నటి అడిగింది. "మా అత్తనే." "ఆమె ఎవరు?" "నిన్న నేనే అని చెప్పినామె." ఆమె నవ్వి, నవ్వితే బొప్పి నొప్పెట్టి, మళ్లీ నవ్వింది. "ఆమెను ముందు వరసలో పెట్టండి. ఈ పిల్లను మామిడిచెట్లకు దూరంగా పెట్టండి" అనింది. డైరెక్టరు వేలు చూపించి నన్ను హెచ్చరించాడు. "నిన్నటి చీరే, నిన్నటి మట్టే ఉండాలి!"

ఇంటికి పరిగెత్తాను. వాకిలి ఊడుస్తున్న మా అత్త చేతిలోంచి చీపురు లాక్కుని, పెట్టె తెరిచి, చీర కట్టించాను. గుప్పెడు మట్టి తెచ్చి కుచ్చిళ్ల ముందు కూర్చుని, జరీ అంచు దగ్గర మెల్లగా పూయడం మొదలుపెట్టాను. మా అత్త కిందికి వంగి చూసింది.

"మొగానికి మాత్రం వద్దు మే" అనింది.