తెరవని సంచి మీద సుద్ద గీత

ఈ పొద్దున ఓబులేసన్న బూట్లు ఎప్పుడూ లేనంతగా మెరుస్తున్నాయి. మా రైల్వే స్టేషన్ గేటు దగ్గర ప్రయాణికుల సంచులు తనిఖీ చేసేది ఆయనే. చూసిన సంచి మీద సుద్దతో ఒక గీత గీస్తాడు. రోజూ పాసింజరుకు వెళ్ళే మాలాంటి వాళ్ళ సంచులకు చూడకుండానే గీస్తాడు. ఈ రోజూ అంతే.

"దినామూ చూసే మొగమే గదమ్మా, పో, బండి వస్తాండాది," అన్నాడు.

ప్లాట్‌ఫారం మీద, భుజాన సంచితో ఉన్న ఒక అధికారి నన్ను ఆపాడు. తనిఖీలు సరిగా జరుగుతున్నాయో లేదో చూడడానికి పైనుంచి వచ్చాడట. ఓబులేసన్నకు ఇప్పటికే ఒక మెమో వచ్చింది. ఇంకొకటి వస్తే సస్పెన్షనేనని ఆయనే ఒకసారి చెప్పాడు.

"గేటు దగ్గర మీ సంచి తెరిచి చూశారామ్మా?"

"చూశారు సార్."

అధికారి సుద్ద గీత చూసి, కాగితం మీద టిక్కు పెట్టుకున్నాడు.

సాయంత్రం దిగేసరికి ఓబులేసన్న గేటు దగ్గరే ఉన్నాడు. నేను చెప్పింది అధికారి ద్వారా ఆయనకు తెలిసినట్టుంది.

"ఏమమ్మా, ఇంత సదువుకోని అబద్ధం చెప్తివే," అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. పొద్దున నేను చెప్పిన ఆ ఒక్క మాటకే రోజంతా అలసిపోయాను. నా స్థానంలో మీరుంటే ఏం చెప్పేవారు?

ఆ అధికారి కూడా పొద్దున అదే గేటులోంచి వచ్చాడు. ఆయన సంచి మీద ఆ గీత కూడా లేదు.