ఉత్తుత్తి గుండీలు

మా పై వాటాలో ప్లాస్టిక్ కవరు చించిన చప్పుడు. ఎండుటాకుల మీద వాన మొదలైనట్టు. వెంటనే ఒక నవ్వు. కాసేపటికి మెట్ల మీద ఆమె, చేతిలో ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి ఉన్న చొక్కా.

"చూశారా, సముద్రం దాటేటప్పుడు ఈ చెయ్యి తడిసి ముడుచుకుపోయింది."

వీధిలో అందరికీ ఆమె పార్సిలమ్మ. హోటళ్ల దుప్పట్లు ఇస్త్రీ చేసే లాండ్రీలో పని. ఆవిరి మధ్య నిలబడి నిలబడి చెంపలెప్పుడూ అప్పుడే నిద్ర లేచినట్టుంటాయి. భోజనాల వేళ ఫోనులో పరదేశపు అంగళ్లు తిరుగుతుంది. అక్కడ బట్టలు చౌక. చౌకకు తగ్గట్టే బొమ్మలో ఒకటి, కవరులో ఒకటి. తనకోసం ఏదీ కొనదు. అన్నీ వదినకే.

వదిన రైలు టికెట్ల కౌంటరులో పనిచేసేది. పక్షవాతం వచ్చి తగ్గింది కానీ ఎడమచెయ్యి మాట వినడం మానేసింది. నడుస్తుంది, రాస్తుంది. కౌంటరుకెప్పుడూ గుండీల చొక్కాలే వేసుకెళ్లేది; ఇప్పుడు ఆ గుండీలు మాత్రం పెట్టుకోలేదు. పనిలోకి రమ్మని ఆఫీసు కబురు పెడితే, వెళ్లనంది.

"గుండీలు అన్నయ్య పెడతాడులే వదినా."

"మీ అన్నయ్య చొక్కాకే ఒకటి ఎక్కి ఒకటి దిగి ఉంటాయి. అయినా పొద్దున్నే ఒకరి ముందు పసిపిల్లలా నిలబడి, ఆ మొహంతో వెళ్లి జనానికి టికెట్లివ్వనా? నా బట్టలు నేను వేసుకున్న రోజు వెళ్తాను."

"పోనీ నైటీలో వెళ్లు."

"నోరు మూసుకుని నీ ఇస్త్రీ నువ్వు చేసుకోవే."

అందుకే ఆ పార్సిళ్లు. జిప్పుతో వచ్చినది సగం దూరంలో పళ్లు ఇకిలించింది. పాత చొక్కాకు గుండీలు పీకి, అతుక్కునే పట్టీలు కుట్టి ఇస్తే, వదిన అద్దంలో చూసుకుని, "ఆస్పత్రిలో తొడిగినట్టుంది," అని పక్కన పెట్టేసింది.

శనివారం నీలం చొక్కా వచ్చింది. మెడ నుంచి నడుము దాకా తెల్లని గుండీలు, తెల్లవారినా ఇంటికి పోని చుక్కల్లా. వదిన కుడిచేత్తో ఒకదాన్ని లాగింది. రాలేదు. కాజాలే లేవు. ముందు భాగమంతా కలిపి కుట్టేసి, గుండీలు అందానికి పైన అతికించారు.

"మళ్లీ టోపీ పెట్టారు నీకు," అని వదిన నవ్వింది.

పార్సిలమ్మ నవ్వలేదు. ఆ వరస మీద వేలితో మెల్లగా దిగింది.

"వదినా, ఎవరూ పెట్టకుండానే ఇవి పెట్టినట్టున్నాయి."

గుండీల వరసను ముట్టుకోకుండా పక్కనున్న కుట్టు విప్పింది. లోపల అతుక్కునే పట్టీ వేసింది. వదిన ఒంటిచేత్తో అదిమితే చాలు, చొక్కా మూసుకుంది. బయటికి కనిపించేవి గుండీలే. తనకు జరిగిన మోసాన్ని ఇంత శ్రద్ధగా చదువుకున్నవాళ్లను నేను చూడలేదు. ఆదివారమంతా కూర్చుని పాత చొక్కాలకూ లోపల పట్టీలు వేసి, కాజాలు మూసి, వాటి మీదే గుండీలు కుట్టేసింది.

సోమవారం వదిన గది తలుపు ఎంతకూ తెరుచుకోలేదు. అన్నయ్య తట్టబోతే పార్సిలమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఉండన్నయ్యా. పిలిస్తే వెళ్దువుగాని."

పిలవలేదు. తలుపు తీసుకుని నీలం చొక్కా బయటికొచ్చింది. వదిన సంచి భుజాన వేసుకుని, ఎవరి మొహమూ చూడకుండా మెట్లు దిగి, కౌంటరుకు వెళ్లిపోయింది.

పార్సిలమ్మ వెనకే మా గుమ్మం దాకా దిగి, వదిన వీధి మలుపు తిరిగేదాకా చూసింది. తర్వాత నావైపు తిరిగింది.

"అదే అంగట్లో ఇంకో రెండు చొక్కాలకు ఆర్డరు పెట్టానండీ. ఈసారి ఖర్మకాలి నిజం గుండీలు పంపిస్తారేమోనని భయంగా ఉంది."