గంగాదేవి షెడ్డుకు ఆరు కట్లు

మే నెల మధ్యాహ్నం. మడకశిర దిక్కున మబ్బు ఇటుకరంగుకు తిరిగింది. సోమందేపల్లిలో రేకులు కప్పే బాషా, అట్లాంటి మబ్బు చూస్తే తాను కప్పిన కప్పులన్నిటినీ మనసులో ఒకసారి చుట్టి వస్తాడు. ఆ రోజు హిందూపురం నుంచి బండి మీద వస్తూ గంగాదేవి పట్టుపురుగుల షెడ్డు దగ్గర ఆగిపోయాడు. పడమటి చూరు కింద ఉండాల్సిన తీగలు లేవు.

నాలుగేళ్ళ కింద ఆ షెడ్డు కప్పింది అతనే. రేకుల కింది పైపులకు లావుపాటి తీగ చుట్టి, గోడ వెంబడి దించి, పునాది పక్కన పాతిన బండలకు బిగించాడు, ఆరు చోట్ల. ఇప్పుడు ఆరూ కోసేసి, చూరు పొడుగునా పచ్చటి వల బిగించి ఉంది.

బాషా ఈ పని ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. పెళ్ళయిన కొత్తలో అందరిలాగే తన ఇంటి రేకుల మీద బండలు పేర్చాడు. గాలివానకు రేకు లేచింది, బండ జారి భార్య జైతున్‌బీ పాదం మీద పడింది. ఆమె ఇప్పటికీ కుంటుతుంది. అప్పటి నుంచి ఏ ఊళ్ళో గాలివాన కొట్టినా మరునాడు పోయి చూసేవాడు, ఎవరి కప్పు పోయింది, ఎవరిది నిలిచింది అని. గాలి కప్పును కిందనుంచి ఎత్తుతుందనీ, మూలలు ముందు పోతాయనీ, గాలికి ఎదురుగా తలుపు తీసి ఉన్న ఇల్లు మొదట నష్టపోతుందనీ అట్లా తెలుసుకున్నాడు.

"తీగలు యెవరు కోసినారక్కా?"

గంగాదేవి చేతిలో చంద్రిక ఉంది. పురుగులు గూళ్ళు అల్లడానికి ఎక్కించే వెదురు తట్ట అది. "నేనే కోయిపిచ్చినా బాషన్నా. పోయిన పంటంతా ఊజీ ఈగ తినేసింది. తీగలు అడ్డమొచ్చి, ఈగను ఆపే వల సరిగ్గా కూర్చోలేదు."

"ఒక మాట అడిగింటే తీగ మీదుగా వల కట్టే దారి చెప్తాంటి."

"వల కట్టేదానికి నీకు పత్రిక ముద్రించి పిలవల్లా ఏమప్పా?" అన్నాడు ఆమె మొగుడు సంజీవప్ప. "నాలుగు బండలెత్తి పైన పెడితే అయిపోతాది."

"బండ పెడితే నేను పోతా."

సంజీవప్ప ఎత్తిన బండ దించాడు.

గోడకు కొక్కేలు దిగ్గొట్టి కొత్త తీగ బిగిద్దామని బాషా సంచిలోంచి సుత్తి తీశాడు. గంగాదేవి అడ్డమొచ్చింది. "నిన్ననే పురుగులు ఎక్కినాయన్నా. గోడ అదిరితే అల్లేది ఆపేస్తాయి. రెండు దినాలు కదిలించగూడదు."

బాషా సుత్తి సంచిలో వేసేశాడు. మబ్బు సగం ఆకాశానికి వచ్చింది. మల్బరీ తోట చుట్టూ కంచెకు నాటిన రాతి కూసాలున్నాయి, చూరుకు మూడు బారల దూరంలో. "బోరు మోటరు దించే తాడు ఉండాదా?"

సంజీవప్ప పరిగెత్తాడు.

పైపుకు చెయ్యి అందాలంటే వల చింపాలి. బాషా వల మీద చెయ్యి వేసి ఆగాడు. గంగాదేవి ఒకసారి లోపలి చంద్రికల వైపు, ఒకసారి మబ్బు వైపు చూసింది. కొడవలితో తానే మూల కోసింది.

బాషా ముందు మూలలు రెండూ కట్టాడు. పైపుకు వేసిన తాడు కూసానికి చుట్టి, నడుమ కట్టె దూర్చి, బిగుసుకునేదాకా మెలితిప్పాడు. చప్పుడు లేదు. మూడోది. నాలుగోది కడుతుండగా దుమ్ము కళ్ళలో కొట్టింది.

"పడమటి కిటికీలు మూయండి. తూర్పు తలుపు తీసి పెట్టండి."

"గాలాడకపోతే గూడు పలచబడతాది," అంది గంగాదేవి.

"తూర్పున ఆడతాది. ఈ పక్క తెరిచింటే లోపల దూరి కప్పెత్తుతాది."

ఆమె మూసింది. అంతలోనే గాలి వచ్చి పడింది. తోట నేలకు వంగింది. తాళ్ళు గుయ్యిమన్నాయి. బాషా నాలుగో కట్టెను రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు, వదిలితే మెలి విడిపోతుందని. నడుమ, కట్టు పడని చోట, ఒక రేకు లేచి లేచి కొట్టుకుంది. ఒక బోల్టు ఊడి అతని భుజం పక్కన పడింది. రెండోది ఊడితే రేకు పోతుంది, దాని వెనక వరస పోతుంది. అతను ఆ బోల్టునే చూస్తూ ఉన్నాడు.

పావుగంట తర్వాత గాలి సడలి చినుకులు మొదలయ్యాయి. రెండో బోల్టు నిలిచింది. లేచిన రేకు సందులోంచి కారిన నీళ్ళు మూడు చంద్రికల మీద పడ్డాయి. గంగాదేవి వాటిని కుదపకుండా పక్కకు జరిపింది. మిగతావాటి దగ్గర వంగి చూసింది. "తల ఆడిస్తాండాయి, అల్లేది ఆపలేదు," అంది మెల్లగా.

"ఈ మూడింట్లో?"

"తెలీదు. రేపటికి గాని తెలీదు."

సంజీవప్ప గోడకు చేరగిలి బీడీ వెతుక్కున్నాడు. "గాలి పోయిందిలే బాషా, కూర్చో."

బాషా పడమర చూశాడు. కొండల మీద ఇంకొక మబ్బు లేస్తోంది. దీనికంటే నల్లగా ఉంది.

"తాడెంత మిగిలుండాది?"

"రెండు కట్లకు వస్తాది."

"తీసుకురా," అని అతను అయిదో కూసం దగ్గరికి నడిచాడు.